కథ చెప్పెడి పాట

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవము సమీపించునప్పటికి మా బల్లపై విద్యార్థులు వ్రాసిన పాటల కాగితములు పేరుకొనుచుండును. వానిలో స్తుతిగీతములుండును, దేశభక్తి గీతములుండును, ఋతువర్ణనలుండును. అన్నిటికంటె తక్కువగా వచ్చునవియు, వచ్చినను తరచుగా చెడిపోవునవియు కథాగేయములు. వ్రాసిన బాలునకు కథ తెలియును, రాగమును తెలియును. కాని రెంటిని కలుపబోవునప్పటికి కథయు పోవుచున్నది, పాటయు పోవుచున్నది. ఇట్లేల జరుగుచున్నదో, మన పూర్వులును ఇతర దేశీయులును ఈ పనిని ఎట్లు సాధించిరో, ఈ వ్యాసమున మాకు తెలిసినంతవరకు వివరింప దలచితిమి.

ఈ లోపము విద్యార్థులకే కలదని మా భావము కాదు. మేమును ఇందు తప్పినవారమే. కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థి యొకడు, ఎనిమిదవ తరగతి చదువుచున్నవాడు, కాలువలో పడి మరణించెను. సంతాపసభలో పాడుటకు మేమొక పాట వ్రాసితిమి. అందు బాల్యము పుష్పముతో పోల్చబడినది, మృత్యువు తుపానుతో పోల్చబడినది. పెద్దల మాట వినక నీటి చెంతకు పోరాదను నీతియు చివర చేర్చబడినది. ఛందస్సున దోషము లేదు. బాలికలు చక్కగా పాడిరి. సభ ముగిసిన పిదప ఆ బాలుని తల్లి మా యొద్దకు వచ్చి, చేతులు జోడించి, "పాట బాగుందండి పంతులుగారూ. కాని ఇందులో మావాడేడండీ?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుకొనుచు నేర్చుకొన్నదే యీ వ్యాసములోని విషయమంతయు.

మొట్టమొదట గమనింపవలసినది, చదివెడి కథకును వినెడి పాటకును గల భేదము. పుస్తకము చదువువాడు అర్థము కానిచోట ఆగును, వెనుకటి పుటను తిరిగి చూచును. పాట వినువానికి ఆ యవకాశము లేదు. చరణము గాలిలో వచ్చి గాలిలో పోవును. అందుచే పాట తన కథను కొలది దృశ్యములుగా, కొలది మాటలుగా చేసికొనవలెను. ఏది చెప్పవలెనో యెరుగుటకంటె ఏది విడువవలెనో యెరుగుట ఇచ్చట ముఖ్యము. మా మనవి యంతయు ఈ యొక్క మాటలో నున్నది: కథాగేయము చెప్పుటచేత గాక, చూపి విడిచిపెట్టుటచేత జీవించును. ఇందుకు సాధనములు నాలుగు. ఆరంభస్థానము, సంభాషణము, పల్లవి, మౌనము.

ఆరంభమును గూర్చి మొదట చెప్పెదము. మన విద్యార్థులు కథను నాయకుని జననముతో ప్రారంభింతురు. అతని తల్లిదండ్రులు, ఊరు, విద్యాభ్యాసము ముగియునప్పటికి పాటయే ముగియును. పూర్వపు పాటగాండ్రు అట్లు చేయలేదు. స్కాట్లండు దేశమున "సర్ పాట్రిక్ స్పెన్స్" అను ప్రాచీన కథాగేయము కలదు. దానిని బిషప్ థామస్ పెర్సీ 1765వ సంవత్సరమున తన గేయసంపుటమున ప్రకటించెను. అందు మొదటి చరణముననే రాజు తన పట్టణమున కూర్చుండి ద్రాక్షారసము త్రాగుచు, తన ఓడను నడుపగల నావికుడెవ్వడని యడుగుచున్నాడు. ఆ నావికుడు ఎవరి కుమారుడో, ఎన్ని సముద్రములు దాటెనో మనకు తెలియదు. రాజు పంపిన లేఖ చేతికందును. మొదటి పంక్తి చదివి నవ్వును, తరువాతి పంక్తి చదివి కన్నీరు విడుచును. ఆ నవ్వునందును ఆ కన్నీటియందును ఆతని జీవితమంతయు మనకు తెలియుచున్నది. ఆపదకు ఒక్క అడుగు ముందుగా కథ మొదలిడుట అన్న నిదియే.

మన బొబ్బిలి కథయందును ఇట్టి నేర్పు కలదు. బొబ్బిలికోటపై 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు విజయనగర ప్రభువగు విజయరామరాజును దండెత్తిరి. రంగారావును ఆతని వీరులును పోరి మడిసిరి. రాజాములో నుండిన తాండ్ర పాపారాయుడు కోట కూలిన పిమ్మట గాని రాలేకపోయెను. అతడు పగబూని విజయరామరాజును ఆతని గుడారమునందే సంహరించెను. ఈ సంగతులు వినువారందరికిని ముందే తెలియును. కోట నిలువదని యెరిగియే రాత్రులు మేలుకొని విందురు. ఏమి జరుగునో యను ఆతురత గాక, ఎట్లు జరిగెనో యను వేదన వారిని కూర్చుండబెట్టును. కావున కథాగేయమునకు క్రొత్త కథ దొరకలేదని చింతింపనక్కరలేదు. తెలిసిన కథయందే సరియైన గడియను పట్టుకొనవలెను.

రెండవ సాధనము సంభాషణము. "అతడు మిక్కిలి కోపించెను" అని కవి చెప్పుటకంటె, ఆ కోపించినవాని నోటిమాట నొకదానిని వినిపించిన చాలును. తెలుగు స్త్రీలు ఇండ్లలో తరతరములుగా పాడుకొనిన "ఊర్మిళాదేవి నిద్ర" ఇందుకు గొప్ప యుదాహరణము. పదునాలుగేండ్ల వనవాసము ముగిసి లక్ష్మణుడు అయోధ్యకు వచ్చెను. అంతకాలమును నిద్రయందే గడపిన భార్య మందిరమునకు పోయి ఆమెను మేలుకొల్పును. ఆమె ఆతనిని గుర్తింపలేదు. ఎవడో పరపురుషుడు వచ్చెనని యెంచి మందలింపసాగును. తన తండ్రి జనకుడు విన్న నేమగునని హెచ్చరించును. పరభార్య నాశించిన ఇంద్రునకేమయ్యెనో, రావణునకేమయ్యెనో జ్ఞాపకము చేయును.

ఈ ఘట్టమునందలి శక్తి యెచ్చట నున్నది? అతడెవ్వడో వినువారికి తెలియును, ఊర్మిళకు తెలియదు. ఆమె పలుకు ప్రతి నిందయు ఆమె పాతివ్రత్యమునకు సాక్ష్యమగుచున్నది. నిందింపబడుచున్నవాడు ఆ సాక్ష్యమును వినుచున్నాడు. రావణసంహారమునకై తానే పోరి వచ్చినవానికి రావణుని గతి చెప్పి బెదరించుటలో ఎంత వినోదము, ఎంత విషాదము కలదో చూడుడు! ఊర్మిళ పతివ్రత యనియు, ఆమె యెడబాటు దుస్సహమనియు పాటకత్తె ప్రత్యేకముగా చాటనక్కరలేదు. వాల్మీకి రామాయణమున ఊర్మిళకు దక్కిన చోటు స్వల్పము. ఆ లోటును పూరించినవారు మన తల్లులు, అవ్వలు. వారు విమర్శనగ్రంథములు వ్రాసి పూరింపలేదు, ఒక గదిలో ఇద్దరిచేత మాటలాడించి పూరించిరి.

మూడవది పల్లవి. పల్లవిని మన విద్యార్థులు అలంకారముగా నెంచుచున్నారు. చరణము చరణమునకును తిరిగి పాడుటయే దాని పని యని వారి యభిప్రాయము. నిజమునకు పల్లవి కథలో పనిచేయవలెను. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ పండితుడగు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 మొదలు 1898 వరకు ఇంగ్లండు, స్కాట్లండు దేశముల కథాగేయములను 305 సేకరించి ప్రకటించెను. అందొకటి "లార్డ్ రాండల్". అది యంతయు తల్లికిని కుమారునకును జరిగిన ప్రశ్నోత్తరములే. ఎచ్చటికి పోతివని తల్లి యడుగును. వేటకు పోయి యలసితిననియు, పడక వేయుమనియు కుమారుడు ప్రతి చరణాంతమునను బదులు చెప్పును. మొదట వినునప్పుడు అది సామాన్యమైన అలసటగా దోచును. ఆతడు ఎవరింట ఏమి తినెనో, ఆతని వేటకుక్కలు ఏమాయెనో ఒక్కొక్క ప్రశ్నతో బయలుపడును. కుమారుడు విషము తినినాడని తల్లికిని మనకును ఒక్కమారే తెలియును. అంతట పల్లవిలో రెండు మూడు మాటలు మారును. అలసట హృదయవేదన యగును. అంతవరకు నిద్రకై యడిగిన పడక మరణశయ్య యగును. మాట దాదాపు మారలేదు గాని దాని యర్థము పూర్తిగా మారినది. ఇట్లు మారని పల్లవి పాటకు భారమే గాని బలము కాదు.

మన బుర్రకథలో ఈ పని వంతవారు చేయుదురు. నడుమ తంబురా మీటుచు, చేతి అందెలు మ్రోగించుచు కథకుడు నిలిచియుండును. ఇరువంకల గుమ్మెటలు వాయించు వంతవారు ఇద్దరుందురు. వారిలో ఒకడు హాస్యము చెప్పును, రెండవవాడు లోకవ్యవహారమును, రాజకీయమును ప్రస్తావించును. కథకుడు ఊపిరి పీల్చుకొనువేళ వారు "తందాన తాన" అని యందుకొందురు. జనులు అడుగదలచిన ప్రశ్నను వారే అడుగుదురు, జనులు పొందిన ఆశ్చర్యమును వారే ప్రకటింతురు. వేలకొలది జనులు కూడిన మైదానమున కథ చెదరకుండుటకు ఇది కట్టిన గట్టు వంటిది. గుంటూరు మండలమున జనించిన షేక్ నాజరు (1920–1997) పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథలను ఈ రీతిని చెప్పి తెలుగువారి మన్ననల నందెను. భారత ప్రభుత్వము ఆతనిని 1986వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను.

నాలుగవ సాధనము మౌనము. ఇది నేర్చుకొనుటకు మిక్కిలి కష్టమైనది. గురజాడ అప్పారావుగారు (1862–1915) రచించిన "పూర్ణమ్మ" కథను మీలో పలువురు చదివియుందురు. పూజారి యింటి బిడ్డ పూర్ణమ్మ దుర్గను పూలతో కొలుచుచు పెరుగును. కన్నవారు ధనమునకాశపడి ఆమెను వృద్ధునకు కట్టబెట్టిరి. అతడు తీసికొనిపోవుటకు వచ్చిన దినమున ఆమె అలంకరించుకొని, పెద్దలకు మ్రొక్కి, అన్నదమ్ములతో తన్ను మరువవద్దనియు, తమకు పుట్టబోవు బిడ్డకు తన పేరు పెట్టుమనియు చెప్పును. వారికి ఆ మాటల లోతు తెలియదు. వినువారికి తెలియుచునే యున్నది. పిమ్మట ఆమె ఒంటరిగా గుడికి పోవును.

ఆ తరువాత కవి యేమి చేసెనో చూడుడు. ఆమె కొలనులో పడెనని చెప్పలేదు, మరణించెననియు చెప్పలేదు. సాయంకాలమున పసులు మందలను చేరినవి, పక్షులు చెట్లను చేరినవి, ఆకసమున చుక్కలు పొడిచినవి, పూర్ణమ్మ మాత్రము ఇంటికి రాలేదని చెప్పెను. కన్నుల కాంతి కలువలయందును, నడక హంసలయందును కలిసిపోయెననియు, ఆమె దుర్గను చేరెననియు చెప్పి ముగించెను. బాల్యవివాహమును, కన్యాశుల్కమును ఖండించు ఉపన్యాసము అందు లేదు. అయినను ఆ దురాచారములపై వ్రాయబడిన యుపన్యాసములలో ఎన్ని దీనితో సమానముగా హృదయమును కోయగలవు? లోకమంతయు ఇల్లు చేరిన వేళ ఒక్క బిడ్డ చేరలేదన్న మాట చాలును.

ఇట్టి మౌనము క్రొత్తది కాదు. పరిశుద్ధ గ్రంథమున న్యాయాధిపతుల గ్రంథము 5వ అధ్యాయమున దెబోరా పాట కలదు. అది హెబ్రీయుల అతి ప్రాచీన గీతములలో నొకటియని పండితులలో పెక్కుమంది యందురు. శత్రుసేనాని సీసెరా యుద్ధమున ఓడి యాయేలు గుడారమున ప్రాణము విడుచును. అంతటితో కథ ముగిసినదని మనమనుకొందుము. కాని పాట ఒక్క గంతున దూరమందలి యొక యింటికి పోవును. అచ్చట సీసెరా తల్లి కిటికీలోనుండి చూచుచు, కుమారుని రథము ఇంకను రాలేదేమని తల్లడిల్లుచున్నది. చెంతనున్న స్త్రీలు దోపుడుసొమ్ము పంచుకొనుటలో ఆలస్యమగుచున్నదని చెప్పుచున్నారు. ఆ రథము రాదని మనకు తెలియును. గెలిచినవారి పాటయే యైనను ఓడినవాని తల్లి అందు కనబడుచున్నది. స్కాట్లండు గేయమునందును ఓడ మునుగుట వర్ణింపబడలేదు. నీటిపై తేలు టోపీలు కనబడును. ఒడ్డున విసనకఱ్ఱలు చేతబట్టి యెదురుచూచు స్త్రీలు కనబడుదురు. హెబ్రీయులును స్కాట్లండు పల్లీయులును మన గురజాడయు వేర్వేరు దేశములవారు. అయినను ముగ్గురును ఒకే ద్వారమున మనలను నిలుపుచున్నారు. రానివారికై యెదురుచూచు ద్వారమది.

పాటయందు నీతి యుండరాదా యని కొందరు విద్యార్థులు అడుగుదురు. ఉండవచ్చును. కాని అది కథలోనుండి వినువాడు తానై తీసికొనవలెను. పండును చేతికిచ్చిన పిదప దాని తీపిని వివరించుట అనావశ్యకము. అంతకంటె గొప్ప ప్రమాద మొకటి కలదు. నీతికై తొందరపడువాడు నిజమును విచారింపడు. ఇది మా యనుభవము.

ఆ తల్లి ప్రశ్న మమ్ము నిద్రపోనీయలేదు. కొన్ని వారములు గడచిన పిదప వారి యింటికి పోయి, బాలుని గూర్చి చెప్పుమని యడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడెను. వానికొక మేకపిల్ల యుండెడిదట. బడి విడిచినంతనే వీధి మొగనుండి ఈలవేయగా అది గుంజ చుట్టును తిరుగుచు అరచెడిదట. ఆ దినమున రేవులో జారిపడినది ఆ మేకపిల్లయే. దానిని ఒడ్డునకు త్రోసి వాడు మునిగిపోయెను. ఊరివారందరికిని ఈ సంగతి తెలియును. మేము మాత్రము అడుగలేదు. అడుగకయే, పెద్దల మాట వినని బాలుడని సభలో పాడించితిమి! అపరాధము చేయనివానిపై అపరాధము మోపితిమి. వాని తల్లి దానిని విని, పాట బాగున్నదని మర్యాదగా చెప్పెను.

మేము పాత పాటను చించివేసి మరియొకటి వ్రాసితిమి. అందు పుష్పము లేదు, తుపాను లేదు. సాయంకాలము బడిగంట మ్రోగుట, వీధి మొగను ఈల, గుంజకడ మేకపిల్ల యరపు, ఇవియే కలవు. మొదటి రెండు చరణములలో ఈల వినబడగానే మేకపిల్ల అరచును. కడపటి చరణమున గంట మ్రోగును, మేకపిల్ల వీధివంక చూచును. పాట అచ్చట నిలిచిపోవును. అది మంచి కవిత్వమని మేము చెప్పుకొనము. మరుసటి సంవత్సరము బాలికలు దానిని ఆ యింటి అరుగుపై కూర్చుండి పాడిరి. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొని, "ఈల రెండుసార్లు వేసేవాడండీ, ఒకసారి కాదు" అనెను. మేము వెంటనే ఆ పంక్తిని సవరించితిమి.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీకొక పని చెప్పుచున్నాము. మీ యింట గాని, పొరుగున గాని ఉన్న అమ్మమ్మలను, నాయనమ్మలను ఆశ్రయించి, వారెరిగిన కథల పాటలను పాడించుకొని, విన్నది విన్నట్లుగా వ్రాసికొనుడు. మీకు తప్పుగా దోచిన మాటను దిద్దకుడు. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను శ్రమించి సేకరించి, వానిపై 1958వ సంవత్సరమున గొప్ప గ్రంథమును ప్రకటించిరి. అట్టివారి కృషివలన కొన్ని పాటలు నిలిచినవి. వ్రాతకెక్కనివి పాడువారితోనే పోవుచున్నవి.

పిదప మీరొక పాట వ్రాయుడు. వ్రాసిన తరువాత ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఆపదకు ఎంత దగ్గరగా మొదలిడితిని? ఎవరిచేతనైన మాటలాడించితినా? పల్లవి కడపటిమారు వచ్చునప్పటికి దాని యర్థము మారినదా? చెప్పక విడిచినది ఏదైన కలదా? నాలుగింటికిని సరియైన సమాధానము దొరికినను, పాట పూర్తియైనదని యప్పుడే తలంపకుడు. ఎవరి కథను పాడుచున్నారో వారి వాకిటికి పోయి వినిపింపుడు. "మావాడేడండీ?" అని వారడుగనిచో మీ పాట నిలిచినట్లే.